కింది హద్దు

పిలుస్తారు, ఇప్పుడో ఇంకాసేపటికో లోపలినుంచి పేరుపెట్టి పిలుస్తారు, పిలిచాక ఆ గదిలోకి తనొక్కతే వెళ్ళాలి, మావయ్యగారు కూడా రాకూడదట, బంట్రోతు తలుపు చేరవేస్తాడట, రిజిస్ట్రారుగారు కాగితాల్లోంచి తలెత్తి ఒకేఒక్క మాట అడుగుతారట, అమ్మా ఇది మీ ఇష్టంతోనే రాసిస్తున్నారా అని. ఆడవాళ్ళు భూమి అమ్మేటప్పుడు ఇంటివాళ్ళని బయట ఉంచి అలా విడిగా అడగడం ఈయన పద్ధతని పొద్దున్న దస్తావేజు రాసినాయన చెప్పాడు, చెప్పి, కలం తుడుచుకుంటూ, "అవునండీ అనెయ్యండమ్మా, అయిపోద్ది," అన్నాడు. అవునండీ. నాలుగక్షరాలు. చోడవరం రిజిస్ట్రాఫీసు వరండాలో గోడవార బల్లమీద కూర్చుని రమామణి ఆ నాలుగక్షరాల్నీ పెదవి కదలకుండా అనిచూసుకుంటోంది, ఒకసారి మెల్లగా, ఒకసారి గబగబా, ఎలా అన్నా మూడో అక్షరం దగ్గరకొచ్చేసరికి మాట ఆగిపోతోంది, అరచేతుల్లో చెమట, పమిటచెంగుకి తుడుచుకుంటే మళ్ళీ చెమట, కార్తీకమాసపు ఎండ వీధిలో నిమ్మళంగా కాస్తుంటే ఈ చెమటేమిటి, చూసినవాళ్ళు ఏమనుకుంటారు, మొగుడు ఇంగ్లీషు సీమలో డాక్టరు, అక్కడ ఇల్లు కొంటున్నాడు, ఈవిడ రేపోమాపో ఓడెక్కబోతోంది, ఈవిడకేం భయం అనుకుంటారు.

ఎదురుబల్లమీద మావయ్యగారు, మొగుడి తండ్రి అనంతరామయ్యగారు, గొడుగు రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టి దాని పిడిమీద గడ్డం ఆనించి కూర్చున్నారు, జమీందారు దొర ఎస్టేటు ఠాణాలో ముప్ఫయ్యేళ్ళు శిస్తు లెక్కల గుమాస్తాగిరీ చేసిన మనిషి, ఆఫీసు వరండాలో కూర్చోవడం ఆయనకి ఇంట్లో కూర్చున్నట్టే. స్తంభం దగ్గర నిలబడ్డది బంగార్రాజు, కె.కోటపాడులో రమామణికున్న రెండెకరాలూ కొనుక్కుంటున్న రైతు. కాళ్ళదగ్గర గచ్చుమీద అచ్చియ్యమ్మ, పదేళ్ళనుంచి ఆ రెండెకరాలూ కౌలుకి చేస్తున్న దాసు పెళ్ళాం, ఆడతోడు ఉండాలని మావయ్యగారే పిలిపించారు, పిలిపించినందుకు అది పొద్దుటినుంచీ ఒక్క క్షణం నోరు మూస్తే ఒట్టు.

"ఆ లండన్లో సెరుకు పండదంట గదా సిన్నమ్మగోరూ, నిజవేనేటి?"

"లండను కాదు అచ్చియ్యమ్మా, కెంటు అని, దాని పక్క జిల్లా."

"ఏదైతే ఏటి. మరి బెల్లం ఎలా తింతారు?"

"తినరు."

"తినకండా ఎలా బతుకుతార్తల్లీ," అని కాసేపు ఆ సంగతి ఆలోచించి, గొంతు తగ్గించి, "మా ఇంటోడు అంతన్నాడు, బంగార్రాజుబాబు కొనుక్కున్నా మమ్మల్ని తియ్యడంట. నోటితో సెప్పేడంట. నోటితో సెప్పడం ఏటో, కాయితం మీద పెడితే బాగున్ను."

"ఒసే అచ్చియ్యమ్మా," బంగార్రాజు స్తంభం దగ్గర్నుంచే నవ్వాడు, "నా నోటికి కూడా ఏలిముద్ర ఏయించుకుంతావేటే."

అచ్చియ్యమ్మా నవ్వింది గాని నవ్వుతున్నప్పుడు దాని చెయ్యి రమామణి చీర అంచు పట్టుకుంది, పట్టుకున్నట్టు దానికి కూడా తెలియదేమో, ఆ చెయ్యి చూసింది రమామణి, దీనికీ భయమే, దీని కాళ్ళకింద ఉన్న మట్టి నాది, నేను రాసిచ్చేస్తే బంగార్రాజుది, ఇది మాత్రం అలాగే చెరుకుతోటలో వంగి ఉంటుంది, ఎవరి నోట్లో ఏ మాట ఉందో కనిపెట్టుకుంటూ. ఇన్నేళ్ళూ ఈ ఆలోచన ఎందుకు రాలేదు, ఇవాళే ఎందుకొచ్చింది, ఇవాళ తనకీ అదే గతి పట్టబోతోంది గనక వచ్చింది. లోపల ఎవరో ఎవరి పేరో పిలిచారు. తనది కాదు. తనది కాదని తెలిశాక కూడా గుండె ఆ పేరు వెనకాలే పరిగెత్తి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

పెళ్ళయి ఏడేళ్ళు, ఇద్దరూ ఒక కప్పుకింద ఉన్నది కలిపి చూస్తే పదినెలలు, ఆ పదినెలల్లోనూ ఆయన సగం చదువుకుంటూనే ఉన్నాడు, కాబట్టి రామచంద్రమూర్తి అనే మనిషి ఆమెకి ఎక్కువగా ఉత్తరాల్లోనే తెలుసు, గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేని పేజీలు. కెంటులో హాప్ అనే తీగ పండిస్తారట, మన తమలపాకు తోటలాగే కర్రలకి పాకిస్తారట, మొదటిసారి చూసినప్పుడు అనకాపల్లి వెళ్ళే దారిలో ఉన్నాననిపించిందని రాశాడు. చలికాలం మధ్యాహ్నం మూడున్నరకే చీకటట. గోడకి ఒక పెట్టె ఉంటుందట, అందులో నాణెం పడితేనే పొయ్యి వెలుగుతుందట, నాణెం అయిపోతే పప్పు సగంలో చల్లారిపోతుందట, ఆయన తమాషాకి రాశాడు, ఆమెకి అది చదివిన పదిరోజుల దాకా ఏ పొయ్యి ముందు కూర్చున్నా వెనక గోడ వంక చూసే అలవాటైపోయింది. ఆస్పత్రివాళ్ళిచ్చిన గదిలో పెళ్ళాన్ని ఉంచుకోకూడదు. బయట గదులు అద్దెకిస్తారు గాని కిటికీల్లో బోర్డులు పెడతారు, మన రంగువాళ్ళకి లేవని, పద్నాలుగిళ్ళు తిరిగాను, పద్నాలుగో ఇంటావిడ పాపం చాలా మర్యాదగా చెప్పింది అని రాశాడు, ఆ మర్యాదగా అన్న మాట చదివి రమామణి ఉత్తరం మడిచేసింది. అందుకని కొనడమే దారి. కొంటే ఎవరూ కాదనరు. ఈ ఇల్లొకటి దొరికింది, వాన పడుతుంటే రోడ్డుకి అటుపక్క నిలబడి మేడమీది కిటికీ చూస్తూ నువ్వక్కడ కూర్చుంటే ఎలా ఉంటుందో అనుకున్నాను, అరగంట నిలబడ్డాను, పోలీసాయన వచ్చి ఏం కావాలని అడిగాడు. మీ అమ్మగారు ఇచ్చిన రెండెకరాలూ అమ్మితే ఇల్లు మనదవుతుంది. మనదవుతుంది అనే రాశాడు. ఆ మాట కింద గీత కూడా గీశాడు.

ఆ గీత. ఆ గీత దగ్గరే ఆమె నాలుగువారాలుగా ఆగిపోయి ఉంది. ఎందుకంటే ఆ కవరులోనే ఇంకో కాగితం ఉంది, ఇల్లు అమ్మిపెట్టే బ్రోకరు టైపు కొట్టించిన కాగితం. సీమనుంచి వచ్చే ఉత్తరాలన్నీ ముందు మావయ్యగారే విప్పుతారు, భోజనాలయ్యాక హాల్లో కూర్చుని పైకి చదువుతారు, ఆమె తలుపు వెనక నిలబడి వింటుంది, అది ఆ ఇంటి అలవాటు. ఆ రోజు ఇంగ్లీషు కాగితం కూడా తెలుగు చేస్తూ చదివారు, కింద రెండు గదులు, పైన మూడు, వెనక బొగ్గులకొట్టు, చిన్న పెరడు, అక్కడికి వచ్చేసరికి దగ్గొచ్చింది, మంచినీళ్ళడిగారు, ఆమె తెచ్చేసరికి కాగితం మడతపెట్టేశారు. మిగతాది ఆమె మర్నాడు ఉత్తరాల పెట్టె సర్దుతూ చదువుకుంది, విశాఖపట్నంలో ఎస్సెల్సీ దాకా చదివిన ఇంగ్లీషు, ముందు వేలు పెట్టి, తరవాత నిఘంటువు పెట్టి. లీజ్‌హోల్డ్. తొంభైతొమ్మిదేళ్ళు. మొదలు పద్ధెనిమిదివందల తొంభైతొమ్మిది. కాగితం తిరగేసి వెనకవైపు లెక్కేసింది, ఇది యాభై ఏడు, ఇంకా మిగిలింది నలభైఒకటి. ఆ తరవాత ఇల్లూ, ఇల్లున్న నేలా అంతా నేల యజమానికి, ఆయనెవరో లార్డట, అప్పటిదాకా ఆయనకి ఏటేటా నేలశిస్తు. తనకిప్పుడు ఇరవైనాలుగు. ఇరవైనాలుగూ నలభైఒకటీ అరవైఐదు. అరవైఐదేళ్ళ రమామణి, ఆ తెల్లవాళ్ళ వీధిలో, మధ్యాహ్నం మూడున్నర చీకట్లో, తలుపు కొట్టిన చప్పుడై వెళ్ళి తీస్తుంది, ఎదురుగా లార్డు తాలూకు గుమాస్తా టోపీ తీసి చాలా మర్యాదగా, అమ్మా గడువైంది అంటాడు.

కొనడం అంటే అదా. ఇక్కడ ఎవరినడిగినా, ఈ వరండాలో బల్లకొకర్ని లేపి అడిగినా, కొనడమంటే ఆచంద్రార్కం, సూర్యచంద్రులున్నంతకాలం, పుత్రపౌత్ర పారంపర్యంగా, పొద్దున్న దస్తావేజు రాసినాయన ఆ మాటలన్నీ తల ఎత్తకుండా చేతి అలవాటుమీద రాసేశాడు, బంగార్రాజుకి తన భూమి ఆచంద్రార్కం వెళుతోంది, తనకి వచ్చేది నలభైఒక్క ఏళ్ళు. ఇంట్లో ఎవరికీ ఈ ఊహే రాలేదు, డాక్టరుగారు ఇల్లు కొంటున్నాడని ఊరంతా అన్నారు, వీధిలోవాళ్ళు వచ్చి కూర్చుని, సీమలో ఇల్లంటే మాటలా అన్నారు, ఒకాయన మీ పేర స్థలం పడ్డాక అక్కడో మామిడిమొక్క వెయ్యమ్మా అన్నాడు. ఆయనకి తెలుసా. అన్ని రాత్రులూ పుస్తకాలు చదివిన ఆయనకి, మనిషి కడుపు కోసి చూసే ఆయనకి, ఆ ఒక్క మాట కంటపడలేదా, పడినా అర్థం తెలియలేదా, కొనడం అనగానే మనందరిలాగే కొనడమే అనుకున్నాడా. లేకపోతే తెలుసా. తెలిసి మనదవుతుంది అని రాసి దానికింద గీత గీశాడా. ఈ రెండింట్లో ఏది నిజమైతే తక్కువ భయమో నాలుగువారాలుగా అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, మొదటిదైతే ఆయన తెలియనివాడు, రెండోదైతే తనకి ఆయన తెలియనివాడు.

ఒడిలో దస్తావేజు నకలుంది. తూర్పు, గెడ్డ కాలువ. దక్షిణం, పెదబాబు చెరుకుమడి. పడమర, బండిదారి. ఉత్తరం, సన్యాసమ్మ పల్లం. ఈ మధ్యనున్న రెండెకరాలూ. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఆ నాలుగు హద్దులూ తిరిగింది, చెరుకాకులు మోచేతులు కోసేవి, గెడ్డ గట్టుమీద అమ్మ కాళ్ళు కడుక్కుంటూ ఇది నా పుట్టింటివాళ్ళు పసుపుకుంకాలకిచ్చింది, నీకిస్తాను, ఎవరడిగినా నీదే అని చెప్పు అంది. ఎస్టేటు రద్దయిన ఏడు దానికి పట్టా వచ్చింది, రమామణి పేరుమీద వచ్చిన మొదటి కాగితం, అంతకుముందు ఆ నేలమీద ఎవరున్నా పైన దొర పేరుండేది, ఆ దొరల పేర్లు రిజిస్టర్లో ఎర్రసిరాతో కొట్టేసినవాళ్ళలో మావయ్యగారూ ఒకరు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి వేలికంటిన ఎర్రసిరా రాయికేసి రుద్దుకుంటూ, "ఇహ దొరా లేడు, దండం పెట్టక్కర్లేదు," అన్నారు, అప్పుడాయన సంతోషించారో బాధపడ్డారో తెలియలేదు, తిన్నదంతా ఎస్టేటు ఉప్పే కదా. మరి కెంటులో ఆ ఇంటికి హద్దులేమిటి. వీధివీధంతా ముప్ఫై ఇళ్ళకీ ఒకటే గోడట, రైలుపెట్టెల్లా. తూర్పు, ఎవరో ముసలావిడ గోడ, ఆవిడ దగ్గితే వినబడుతుందట. పడమర, రైల్వే గార్డు గోడ. ఉత్తరం, రోడ్డు. దక్షిణం, బొగ్గులకొట్టు. ఇక్కడ దస్తావేజులకి నాలుగు హద్దులుంటే చాలు, దానికి ఐదోది కూడా రాయాలి. కింద, దొర. మంచం కింద, పొయ్యి కింద, కిటికీ దగ్గర తను కూర్చునే కుర్చీ కింద, పుట్టబోయే పిల్లలు పాకే నేల కింద, దొర, వెల్లకిలా పడుకుని, కళ్ళు తెరుచుకుని, ఏళ్ళు లెక్కపెట్టుకుంటూ.

కాదంటే ఏమవుతుంది. కాదంటే ఆయన ఆ ఆస్పత్రి గదిలోనే ఉంటాడు, పదిహేనో ఇల్లు, పదహారో ఇల్లు, పోలీసాయన వచ్చి అడుగుతాడు, పెళ్ళాం ఏదని ఎవరో అడుగుతారు, రావడానికి ఇష్టం లేదంది అని చెప్పాలి. ఇక్కడ తను. ఉత్తరం వచ్చిన రోజు తలుపు వెనక. తరవాత ఉత్తరాలు తగ్గుతాయి, తరవాత మావయ్యగారు చదవడం మానేస్తారు. అవునంటే నెలతిరక్కుండా ఓడ, ఆ కిటికీ, ఆ కుర్చీ, ఆయన పక్కనే, నలభైఒక్క ఏళ్ళు. వెనక్కి తిరిగితే నాలుగు హద్దుల మధ్యన బంగార్రాజు చెరుకు. ఏ మూలనుంచి చూసినా భయం నిలబడే ఉంది, దానికి వీపే లేదు.

"కొల్లూరి రమామణిగారూ."

లేచింది. లేచినట్టు అచ్చియ్యమ్మ చెయ్యి చీరనుంచి జారినప్పుడు తెలిసింది. మావయ్యగారు గొడుగుపిడి మీంచి గడ్డం ఎత్తలేదు. గుమ్మం దాటాక వెనక తలుపు చేరవేసిన చప్పుడు, చిన్న చప్పుడే, ఒళ్ళంతా విన్నది. రిజిస్ట్రారుగారు చిన్నవాడు, ముప్ఫై ఐదు ఉంటాయేమో, చొక్కా జేబులో రెండు కలాలు, పక్కన వేలిముద్ర వేయించే సిరామెత్త. సంతకం మీదేనా అన్నారు. అవునండీ అంది, బాగానే వచ్చింది, నాలుగక్షరాలూ వచ్చాయి, ఇదే మాట ఇంకొక్కసారి అంటే చాలు. కాగితం చదువుకున్నారా. అవునండీ. ఎవరి బలవంతమూ లేకుండా ఇష్టంతో రాసిస్తున్నారా. గది గోడమీద గడియారం కొట్టుకోవడం, వీధిలో అనకాపల్లి బస్సు హారను, సిరామెత్త మీద ఒక చీమ.

"భయంగా ఉందండీ," అంది.

"ఎవరివల్ల భయం?"

ఎవరివల్ల. వేలు పెట్టి చూపించడానికి ఎవరున్నారు. "ఎవరివల్లా కాదండీ. అక్కడి ఇల్లు నలభైఒక్క ఏళ్ళకేనండీ. మావాళ్ళకి తెలియదు."

ఆయన కలం కింద పెట్టారు. ఎక్కడి ఇల్లు అని అడిగారు, చెప్పింది, ముక్కలుముక్కలుగా, బ్రోకరు కాగితం, లార్డు, తొంభైతొమ్మిది, ఆయన మధ్యలో ఒక్కసారి మాత్రం, కౌలన్నమాట అన్నారు. అంతా విని దస్తావేజు మడిచారు. "చూడండమ్మా, ఇష్టమేనా కాదా అని అడగడం వరకే నా పని. భయానికి ఇక్కడ గడి లేదు. దస్తావేజు దాఖలుకి నాలుగునెలల గడువుంది. మీవాళ్ళకి తెలియదన్నారు కదా, వెళ్ళి చెప్పండి. చెప్పాక కూడా ఇష్టమే అనిపిస్తే మళ్ళీ రండి." కాగితాలు ఆమెవైపు జరిపారు. ఆ కాగితాలు తీసుకున్న చేతులు తనవేనా, తలుపు వైపు నడిచిన కాళ్ళు తనవేనా, వెళ్ళి చెప్పండి అన్నారు, ఎంత తేలిగ్గా అన్నారు, ఏడేళ్ళలో మావయ్యగారికి ఎదురుగా నిలబడి ఒక పూర్తి మాట చెప్పింది లేదు, కాఫీ చల్లారిపోతోందనైనా గోడకి చెప్పడమే, ఇప్పుడు నలుగురి ముందూ, ఆయన కొడుక్కి కొనడమంటే తెలియదని చెప్పాలి.

తలుపు తెరుచుకుంది. "అయిందేటమ్మా?" అని బంగార్రాజు. ఆమె ఆయన్ని దాటి, అచ్చియ్యమ్మని దాటి, ఎదురుబల్ల ముందు నిలబడింది.

"మావయ్యగారూ, ఆ ఇల్లు నలభైఒక్క ఏళ్ళకే. తరవాత దొరది."

ఆయన గొడుగుపిడి వంకే చూస్తూ ఉన్నారు. "తెలుసమ్మా," అన్నారు.

వరండా, ఎండ, స్తంభం, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. తెలుసమ్మా. అయితే ఆ దగ్గు. ఆ మంచినీళ్ళు.

"ముప్ఫయ్యేళ్ళు కౌళ్ళు రాసేను. ఆ మాట నాకు తెలీకపోవడవేవిటి."

"మరి చదవలేదేం?" అంది రమామణి, ఆయన్ని ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదే.

"చదివితే నువ్వు సంతకం పెట్టవు. పెట్టకపోతే వాడు నిన్ను రప్పించుకోలేడు. ఇంకెన్నాళ్ళమ్మా ఒక్కడూ అక్కడ." గొంతు బాగా తగ్గించి, "వాడికి రాద్దావని నాలుగుసార్లు కూర్చున్నాను. అంత చదివినవాడికి నేను చెప్పడవేవిటి, నాకు తెలీదనుకున్నారా అంటాడేమో అనిపించింది. ఒరే తెలిసే చేస్తున్నావా అని అడగడానికి భయం వేసింది. నువ్వు అడుగుతావేమోనని చూసేను. నువ్వూ అడగలేదు."

ఇద్దరూ. నాలుగువారాలుగా ఒకే ఇంట్లో, ఒకే కాగితం మీద, తలుపుకి ఇటొకరూ అటొకరూ. అది తెలిస్తే భయం తగ్గాలి, తగ్గలేదు, ఇన్నాళ్ళూ తన వెనక పెద్దవాళ్ళు ఎవరో ఉన్నారనుకుంది, తిరిగి చూస్తే ఆ పెద్దాయన తనకన్నా వెనకాల నిలబడి ఉన్నాడు.

"బాబూ, నాను పనోళ్ళని మళ్ళో ఒగ్గేసి వొచ్చేను," అన్నాడు బంగార్రాజు, విసుక్కోకుండానే, "అవుద్దో అవదో సెప్పండి. అవదంతే మరి నాను ఇంకో బేరం సూసుకోవాల."

మావయ్యగారు రమామణి వంక చూశారు. బంగార్రాజు కూడా ఆమె వంకే చూశాడు. గచ్చుమీంచి అచ్చియ్యమ్మ.

"ఆయన దగ్గర్నుంచి జవాబు రావాలి," అంది. "వచ్చేక చెబుతాను."

"ఎవరు రాస్తారమ్మా," అన్నారు మావయ్యగారు, అడిగినట్టు కాదు, బతిమాలినట్టు.

పోస్టాఫీసు పక్క సందులోనే. అచ్చియ్యమ్మ వెనకాలే వస్తోంది, "ఏటయింది సిన్నమ్మగోరూ, అమ్మెయ్యలేదేటి," అని అడుగుతోంది, ఆ గొంతులో ఆశ దాచుకోవడం దానికి చేతకాలేదు, ఇంకా తెలీదు అంది రమామణి, నిజంగానే తెలీదు. ఎయిర్‌లెటరు కొని, కిటికీ పక్కన సిరాబుడ్డి ఉన్న ఏటవాలు బల్ల దగ్గర నిలబడింది. చేరడానికి వారం, జవాబుకి ఇంకో వారం. తెలీదు రమా అని వస్తుందా, తెలిసే అని వస్తుందా, ఏదీ రాదా. మామూలుగా అయితే మహారాజశ్రీ అని మొదలుపెట్టాలి, నమస్కారాలు రాయాలి, ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ క్షేమం రాయగోరతాను అని మూడువరుసలు నిండాలి, అప్పుడుగాని విషయం రాదు. ఆ మూడువరుసలూ రాస్తూ కూర్చుంటే ధైర్యం ఆరిపోతుందని ఆమెకి తెలుసు. కలం ముంచింది, నీలం కాగితం అంచున ఒక చుక్క పడింది, అది తుడవకుండా, ఏ పిలుపూ లేకుండా, పైవరుసలోనే, మీకు తెలుసా అని రాసింది.